గ్యాస్ కొలిమికి బర్నర్ కొనే ముందు కొలిమి పొట్ట కొలవండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. లారీ కమాన్ పట్టీలతో కత్తులు, కొడవళ్లు చేయాలనుకుంటున్నారు. ఇళ్ల మధ్య బొగ్గుల కొలిమి పొగ కుదరదు కాబట్టి గ్యాస్ వైపు వచ్చారు. వీడియోలు చూసి రెండు బర్నర్ల కొలిమి సెట్ ఒకటి ఆర్డర్ పెట్టారు. ఇప్పుడు బర్నర్ గొట్టం ముప్పావు అంగుళమా, అంగుళమా, బ్లోయర్ పెట్టాలా, ఇంట్లో వంట సిలిండర్ సరిపోతుందా అని సందేహాలు.

సూటిగా చెప్తాను. బ్లోయర్ లేని ముప్పావు అంగుళం బర్నర్ ఒక్కటి, లోపల ఐదు లీటర్ల చోటు ఉన్న కొలిమి, 19 కేజీల కమర్షియల్ సిలిండర్, గేజ్ ఉన్న హై ప్రెషర్ రెగ్యులేటర్. మొదటి కొలిమికి అంతకు మించి అక్కర్లేదు. వంట సిలిండర్ జోలికి వద్దు.

అందరూ బర్నర్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది పొట్టతో, అంటే లైనింగ్ (వేడిని ఆపే లోపలి గోడ) అంతా అయ్యాక లోపల మిగిలే ఖాళీతో. ఒంటి చేత్తో సుత్తి వేసేవాళ్లు ఒక కాకకు, అంటే ఒకసారి కాల్చి తీసిన వేడికి, నాలుగైదు అంగుళాలకు మించి సాగదీయలేరు, ఆలోగా ముక్క చల్లారిపోతుంది. పద్దెనిమిది అంగుళాల పొడవు కాల్చి ఐదు అంగుళాలు కొడితే, మిగతా పదమూడు అంగుళాల మీద స్కేల్ పెంకులు లేవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పైగా కమాన్ పట్టీ లాంటి స్టీలును కొట్టకుండా ఊరికే ఎర్రగా నానబెడితే లోపల రేణువులు పెద్దవై, తర్వాత పానం పెట్టినప్పుడు (కాల్చి ముంచి గట్టిచేసేటప్పుడు) పెళుసుగా వస్తుంది. కాబట్టి కొలిమి పొడవు పన్నెండు అంగుళాలు చాలు. వెనక చిన్న కిటికీ వదిలితే పొడవాటి ముక్క అటు నుంచి బయటికి పోతుంది. కొడవలి వంపు ఉన్నా, కొట్టే భాగం లోపల ఉంటే చాలు కదా.

లోపలి వ్యాసం ఆరు అంగుళాలు, పొడవు పన్నెండు అనుకుంటే లెక్క సుమారు 340 ఘనపు అంగుళాలు, అంటే ఐదున్నర లీటర్లు. గాలిని తనే లాక్కునే ముప్పావు అంగుళం బర్నర్ ఒకటి, మంచి లైనింగ్ ఉంటే, 350 ఘనపు అంగుళాల వరకు ఇనుము కొట్టే వేడికి తేగలదన్నది ఈ పనిలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క. గొట్టం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి చూస్తే అర అంగుళం బర్నర్‌కు రెండున్నర లీటర్లు, అంగుళం బర్నర్‌కు పది లీటర్లు వస్తాయి. మీరు చూసిన వీడియోల్లోని రెండు బర్నర్ల కొలిములు పదకొండు, పన్నెండు లీటర్లవి. వాళ్లు పొడవాటి కత్తులను ఒకేసారి సమంగా కాల్చడానికి కట్టుకున్నారు. మీకు ఆ అవసరం వచ్చేసరికి గ్యాస్ బిల్లు తట్టుకునే గిరాకీ కూడా వచ్చి ఉంటుంది. కేవలం చిన్న కత్తులే చేస్తానంటే అర అంగుళంతో రెండు లీటర్ల కొలిమి ఇంకా చవక. కొడవళ్లు కూడా అన్నారు కాబట్టి ముప్పావు చెప్తున్నాను.

ఇక బర్నర్ రకం. మన దగ్గర దొరికేవాటిలో మూడింటిని ముందే పక్కన పెట్టండి. హోటల్ బట్టీ బర్నర్ తెరిచిన చోట, చుట్టూ ఉన్న గాలితో మండేది. కొలిమిలో మూసిపెడితే ఊపిరాడక పసుపు మంట, మసి. వాటర్‌ప్రూఫింగ్ షీట్లు అతికించే టార్చ్‌దీ అదే జబ్బు, దానికి తోడు చెవులు చిల్లులు పడే రొద. కంసాలి టార్చ్ ఐదు లీటర్లకు చాలదు.

కావాల్సింది గొట్టం లోపలే గాలీ గ్యాసూ పూర్తిగా కలిసిపోయే బర్నర్. అందరికంటే తేలికగా చేసుకోగలిగింది టీ బర్నర్. అంగుళం మీద ముప్పావు రెడ్యూసింగ్ టీ, అంటే T ఆకారపు పైపు ఫిట్టింగ్, తీసుకోండి. ముప్పావు మూతికి ఆరు అంగుళాల గొట్టం బిగుస్తుంది. అటూ ఇటూ ఉన్న రెండు అంగుళం మూతులూ గాలికి. టీ వీపున రంధ్రం చేసి మర కొట్టి, అందులో మిగ్ వెల్డింగ్ టిప్‌ను (వెల్డింగ్ తీగ బయటికి వచ్చే సన్న రంధ్రం ముక్క) గ్యాస్ చిమ్మే జెట్‌గా కూర్చోబెట్టాలి. ఈ బర్నర్ బాగోగులన్నీ ఆ ఒక్క రంధ్రం మీదే ఉన్నాయి. జెట్ గొట్టం నట్టనడుమకు గురి చూడాలి. రవ్వంత పక్కకు తిరిగినా గ్యాస్ ధార గోడకు తగిలి గాలిని లాగడం తగ్గిపోతుంది. చేతి డ్రిల్లుతో వద్దు, లేత్ మిషన్ అతనికి గొట్టం బిగించిన టీ ఇచ్చి, గొట్టాన్ని చక్‌లో పట్టి రంధ్రం వేయమనండి. అతనికి అది కాసేపటి పని.

షాపులో ఒక విషయం గట్టిగా అడగాలి. పైపు ఫిట్టింగ్ అంటే చేతికి జీఐ ఇచ్చేస్తారు. దాని మీద ఉన్న జింకు పూత కొలిమి మూతి దగ్గర వేడికి తెల్లటి పొగగా లేస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. జింకు పూత లేని ఎంఎస్ బ్లాక్ పైపు, బ్లాక్ ఫిట్టింగులే అడగండి. మంట తగిలే చివరి భాగానికి స్టెయిన్‌లెస్ స్లీవ్ అయితే ఎక్కువ కాలం ఉంటుంది.

జెట్ సైజు దగ్గర ఒక తిరకాసు ఉంది, విదేశీ వీడియోల్లో ఇది దొరకదు. అమెరికా వాళ్ల సిలిండర్లలో ఉండేది దాదాపు అంతా ప్రొపేన్. మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండటానికి సుమారు 24 లీటర్ల గాలి కావాలి, బ్యూటేన్‌కు 31. కాబట్టి వాళ్ల డ్రాయింగ్ ప్రకారం ఉన్నదున్నట్టు చేస్తే మన గ్యాస్‌తో మంట కొంచెం గ్యాస్ ఎక్కువైన వైపు వంగుతుంది. వాళ్లు ముప్పావు బర్నర్‌కు 0.9 ఎంఎం తీగ టిప్ చెప్తే మీరు 0.8 టిప్‌తో మొదలుపెట్టండి. తీగ జారాలి కాబట్టి 0.8 టిప్ అసలు రంధ్రం 0.8 కంటే కాస్త పెద్దదే ఉంటుంది, భయపడొద్దు. అప్పటికీ మంట పసుపుగా, పొడుగ్గా ఉంటే టిప్ చివర కొద్దికొద్దిగా అరగదీయండి. జెట్ గొట్టం మూతికి దూరమయ్యేకొద్దీ గాలి ఎక్కువ లాగుతుంది. ఒకేసారి కోసేయకండి, తిరిగి అతికించలేరు. టిప్‌లు చవకే, నాలుగైదు తెచ్చి పెట్టుకోండి.

సిలిండర్ అడుక్కి వచ్చేసరికి మంట రంగు మారిందని కొంతమంది బర్నర్ విప్పేస్తారు. బర్నర్ తప్పు కాదది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సున్నాకు ఓ అర డిగ్రీ కింద. తేలికది ముందు ఎగిరిపోయి చివర్లో బ్యూటేన్ ఎక్కువగా మిగులుతుంది. ప్రెషర్ తగ్గుతుంది, గాలి అవసరం పెరుగుతుంది.

బ్లోయర్ బర్నర్ సంగతి. దాంట్లో జెట్ సైజు గొడవే లేదు. గాలికొక వాల్వు, గ్యాస్‌కొక వాల్వు, రెండూ తిప్పుకుంటూ మంటను ఎలా కావాలంటే అలా తెచ్చుకోవచ్చు. గ్యాస్ ప్రెషర్ తక్కువైనా నడుస్తుంది, చప్పుడు తక్కువ, ఇనుమును ఇనుముకు అతికించే వేడి కూడా సులువుగా వస్తుంది. పనిలో ముదిరినవాళ్లు చాలామంది చివరికి అటే పోతారు. మరి కొత్తవాళ్లకు ఎందుకు వద్దంటున్నానంటే, కరెంటు. బ్లోయర్ తిరుగుతుండగా కరెంటు పోయిందనుకోండి, గాలి ఆగుతుంది, గ్యాస్ ఆగదు. గాలి కలవని గ్యాస్ కొలిమి నిండి, గొట్టంలోంచి బ్లోయర్‌లోకి కూడా వెనక్కి పాకుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు తిరిగొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి మందు ఉంది. కరెంటు ఉన్నంతసేపే తెరుచుకుని ఉండే సోలెనాయిడ్ వాల్వును గ్యాస్ లైన్లో పెట్టి, బ్లోయర్ స్విచ్చుకే కలపాలి. అది పెట్టే ఓపిక ఉంటే బ్లోయర్‌కు నేను వ్యతిరేకిని కాను. పెట్టకుండా మాత్రం ఎవరికీ చెప్పను. మీరు ఉండేది ఊళ్లో అన్నారు, వానాకాలం గాలిదుమారాలకు లైన్లు ఎన్నిసార్లు పోతాయో నాకంటే మీకే తెలుసు.

ఇప్పుడు లైనింగ్. బర్నర్ పనిచేయట్లేదని నా దగ్గరికి వచ్చే కొలిముల్లో ఎక్కువ వాటికి జబ్బు బర్నర్‌లో ఉండదు, గోడలో ఉంటుంది. మామూలు బరువు ఫైర్ బ్రిక్ పేర్చి కొలిమి కట్టేస్తారు. ఆ ఇటుక వేడికి తట్టుకుంటుంది, నిజమే, కానీ వేడిని ఆపదు, తాగుతుంది. గంటసేపు గ్యాస్ పోస్తే ఇటుకలు ఎర్రబడతాయి, ఇనుము నారింజ రంగు దాటదు. అప్పుడు ఇంకో బర్నర్ కొంటారు. ఆ డబ్బుతో సిరామిక్ ఊలు కొంటే ఒకే బర్నర్‌తో పది, పదిహేను నిమిషాల్లో పని మొదలుపెట్టవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఇసుక కలిపి పోసే వీడియోలు కూడా చూసే ఉంటారు. ఆ వేడికి అది పిండి అయిపోతుంది. సిమెంటు కాంక్రీటు అయితే లోపల తేమ ఆవిరై పెచ్చులు పేలతాయి.

పద్ధతి ఇలా. పైన డొల్లకు ఏసీ మెకానిక్‌ల దగ్గర పడి ఉండే ఖాళీ రిఫ్రిజరెంట్ డబ్బా సరిగ్గా సరిపోతుంది. వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు ఉంటుంది. లోపల గ్యాస్ చుక్క కూడా లేకుండా ఆ మెకానిక్ చేతే ఖాళీ చేయించి, వాల్వ్ విప్పించి తెచ్చుకోండి. ఆ గ్యాస్ మంటకు తగిలితే విషవాయువులు వస్తాయి. ఎల్పీజీ సిలిండర్ కోసి చేద్దామనే ఆలోచన రానివ్వకండి. అది మీ సొత్తు కాదు, ఖాళీది అనుకున్నదాన్ని కోస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డబ్బా లోపల ఒక అంగుళం మందం, 128 డెన్సిటీ సిరామిక్ ఊలు రెండు పొరలు. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. 1260 డిగ్రీల గ్రేడ్ అంటే ఆ వేడిలో రోజూ ఉండగలదని కాదు, అది పైహద్దు. లోపలి పొర మటుకు 1425 గ్రేడ్ దొరికితే మంచిది. ఊలు మీద కొల్లాయిడల్ సిలికా చల్లి ఆరనివ్వండి, గట్టిపడుతుంది. దాని మీద హై అల్యుమినా క్యాస్టబుల్ (వేడికి తట్టుకునే సిమెంటు లాంటి పూత) ఒక అర అంగుళం మెత్తండి. ఈ పైపూత మానేయొద్దు, దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, విడిగా వదిలిన ఊలు నుంచి కంటికి కనిపించని పోగులు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊలు కోసేటప్పుడు కూడా ఎన్95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. రెండోది, అతుకు పనికి వెలిగారం వాడితే అది కరిగి ఊలును వెన్నపూసలా తినేస్తుంది. క్యాస్టబుల్ దాన్ని చాలావరకు ఆపుతుంది. అడుగున ఒక హై అల్యుమినా పలక పరిస్తే, పాడైనప్పుడు అది ఒక్కటి మార్చుకోవచ్చు.

రెండు అంగుళాల ఊలు, అర అంగుళం పూత పోను ఈ డబ్బాలో మిగిలే రంధ్రం 11 సెంటీమీటర్ల పైచిలుకు. పొడవు 30 పెడితే సుమారు మూడు లీటర్లు. ముప్పావు బర్నర్‌కు ఇది సుఖంగా సరిపోతుంది, తక్కువ ప్రెషర్‌లోనే పని అయిపోతుంది. ఇంకాస్త చోటు కావాలంటే ఫ్యాబ్రికేషన్ షాపులో పది, పదకొండు అంగుళాల డొల్ల చుట్టించుకోండి. బర్నర్‌ను నడినెత్తిన నిలువుగా కాకుండా పక్కకు వంచి పెట్టించండి. మంట గోడ వెంట సుడి తిరగాలి, నేరుగా ముక్క మీద పడకూడదు. నేరుగా పడితే ఒకచోట కాలిపోయి పక్కన పచ్చిగా ఉంటుంది. బర్నర్ మూతి లోపలికి పొడుచుకు రాకుండా లైనింగ్‌లోనే కాస్త వెనక్కి ఉండాలి.

పూత ఆరడానికి తొందరపడకండి. కోస్తా ఉక్కలో వారం పట్టినా పట్టనివ్వండి. తర్వాత మొదటి మంటలు చిన్నవి, ఐదేసి నిమిషాలు, మధ్యలో పూర్తిగా చల్లారనిస్తూ వేయండి.

గ్యాస్ దగ్గరికి వస్తే, వంట సిలిండర్‌తో రెండు చిక్కులు. 14.2 కేజీలది వంటకే వాడాలని 2000లో వచ్చిన ఎల్పీజీ ఉత్తర్వు చెప్తుంది. పనికి వాడితే సిలిండర్ పట్టుకుపోతారు, కేసు కూడా అవుతుంది. రెండోది, వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ప్రెషర్ 30 మిల్లీబార్లు, షాపు భాషలో 0.03 కేజీ (చదరపు సెంటీమీటరుకు). మన బర్నర్‌కు కావాల్సింది పావు కేజీ నుంచి ముప్పావు కేజీ. వీడియోల్లో ఏడు పీఎస్ఐ అన్నారంటే అది ఇంచుమించు అర కేజీ. అంతటి ప్రెషర్ కోసం వంటింటి రెగ్యులేటర్ పిన్ను పీకి స్ప్రింగు బిగించే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ల దగ్గర చాయ్ తాగండి, సలహా తీసుకోకండి.

19 కేజీల కమర్షియల్ కనెక్షన్ తీసుకుని, ఆ వాల్వుకు సరిపోయే అడాప్టర్, గేజ్ ఉన్న అడ్జస్టబుల్ హై ప్రెషర్ రెగ్యులేటర్ డీలర్‌ను అడిగే తెచ్చుకోండి. వంటింటి గొట్టం పనికిరాదు. ఐఎస్ 9573 ముద్ర ఉన్న, హై ప్రెషర్‌కు తగిన ఎల్పీజీ గొట్టం కావాలి. బర్నర్‌కు ముందు చేతికి అందేచోట ఒక బాల్ వాల్వు. కీళ్లన్నిటికీ సర్ఫ్ నురుగు రాసి బుడగలు చూడండి, మొదటిరోజే కాదు, గొట్టం విప్పి బిగించిన ప్రతిసారీ.

5 కేజీల చిన్న సిలిండర్ చాలదా అని ఎవరైనా అడుగుతారు. అర కేజీ ప్రెషర్‌లో ఈ జెట్ గంటకు కేజీ అటూఇటూ తాగుతుంది. గ్యాస్ ఆవిరి కావడానికి వేడి సిలిండర్ గోడలోంచే రావాలి. చిన్న సిలిండర్ అంత వేడి అందించలేక చెమట పట్టి, తర్వాత మంచు కట్టి, ప్రెషర్ పడిపోతుంది. డిసెంబరు పొద్దున అయితే మరీ. ఖర్చు లెక్క సులువు. కమర్షియల్ సిలిండర్ రేటు సాధారణంగా నెల మొదట్లో మారుతుంది. ఆ నెల రేటును 19తో భాగిస్తే కొలిమి ఒక గంట ఖర్చు వస్తుంది. పొట్ట చిన్నదై, ప్రెషర్ పావు కేజీకి తగ్గితే అందులో దాదాపు మూడో వంతు మిగులుతుంది.

సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ద్రవం గొట్టంలోకి వస్తుంది. కొలిమికి కనీసం పది అడుగుల దూరం. ఈ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండింతలు బరువు, లీకైతే నేల మీద పాకి గుంటల్లో, డ్రైనేజీల్లో నిలుస్తుంది. కాబట్టి సెల్లార్ వద్దు, రేకుల షెడ్డు మూడు వైపులా తెరిచి ఉంటే మేలు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది, దానికి వాసన ఉండదు, తలనొప్పి మొదలైందంటే అప్పటికే పీల్చారని లెక్క.

వెలిగించేటప్పుడు ముందు నిప్పు, తర్వాత గ్యాస్. కాగితం వెలిగించి లోపల పెట్టి, మూతికి ఎదురుగా నిలబడకుండా పక్క నుంచి వాల్వు తెరవండి. 0.2 కేజీ దగ్గర పట్టుకున్నాక మెల్లగా పెంచండి. టప్‌మని పేలి గొట్టం లోపల గుర్రుమంటుంటే మంట వెనక్కి పోయిందని గుర్తు. వెంటనే కట్టేసి, కాసేపు ఆగి, కాస్త ఎక్కువ ప్రెషర్‌తో వెలిగించండి. బ్లోయర్ ఉన్న కొలిమి ఆపేటప్పుడు గ్యాస్ ముందు, గాలి తర్వాత.

కొలిమి కాగాక మూతి బయటికి ఒక జానెడు లోపు నీలం నారింజ కలిసిన మెత్తటి మంట వస్తుంటే సరిగ్గా ఉంది. మూర పొడవున పసుపు నాలుక లేస్తుంటే గ్యాస్ దండగ, మోనాక్సైడ్ ఎక్కువ. బయటికి ఏమీ రాకుండా లోపల గట్టిగా హోరుమంటూ ముక్క మీద పెంకులు దట్టంగా లేస్తుంటే గాలి ఎక్కువైంది. టీ మూతుల మీద రేకు ముక్క జరిపి సరిచేసుకోండి. కొత్త లైనింగ్ మొదటి రెండు మూడు సార్లు మంటకు నారింజ రంగు పూస్తుంది, అప్పుడే జెట్ మార్చేయకండి. కమాన్ పట్టీకి ముదురు నారింజ నుంచి నారింజ చాలు. లేత పసుపు దాకా కాల్చి కొడితే చిట్లుతుంది. ఎండలో రంగు తెలియదు, నీడలో పనిచేయండి.

ఆర్డర్ పెట్టిన రెండు బర్నర్ల సెట్ ఇంకా బయల్దేరకపోతే రద్దు చేసుకోండి. వచ్చేసి ఉంటే కంగారు లేదు. నడిమికి దగ్గరగా ఉన్న బర్నర్ ఉంచి, రెండోది విప్పి, ఆ రంధ్రంలో ఊలు కుక్కి క్యాస్టబుల్ మెత్తేయండి. ఆ వైపు పొట్టలో ఊలు చుట్టిన ఇన్సులేటింగ్ ఇటుక ఒకటి అడ్డం నిలబెట్టి, పొడవును పన్నెండు అంగుళాలకు తగ్గించండి. దాంతో పాటు వచ్చిన రెగ్యులేటర్ మన సిలిండర్ వాల్వుకు కూర్చోకపోవచ్చు, బలవంతంగా బిగించొద్దు. డబ్బా మీద రాసి ఉన్న బర్నర్ సైజు, జెట్ సైజు ఇక్కడ పెట్టండి, మన గ్యాస్‌కు ఏ టిప్ వేయాలో చూసి చెప్తాను.